నచ్చని పాటలో దొరికిన ప్రాస

పళ్ళిపట్టు వైపు ఊళ్ళలో భారతం ఆడే రోజుల్లో, వీధినాటకం మద్దెల వింటూ తెల్లారగట్ల దాకా మేలుకున్న చెవి నాది. పద్యం ఎత్తుకుంటే రాగం పలకాలి, చివర గొంతు నిలవాలి. ర్యాప్ అందుకే నాకు పడదు. రాగం తక్కువ, మోత ఎక్కువ. ఇవాళ్టికీ నేను కోరి పెట్టుకునే పాట కాదది. అయినా తమిళ ర్యాపర్ అరివును మాత్రం తీసిపారేయలేను.

అతడు మనకు దూరపువాడు కాదు, తిరుత్తణి పక్కనున్న అరక్కోణం వాడు. దర్శకుడు పా. రంజిత్ అండతో ఏర్పడి, 2018 జనవరిలో చెన్నైలో తొలి కచేరీ చేసిన క్యాస్ట్‌లెస్ కలెక్టివ్ బృందంతో వెలుగులోకి వచ్చాడు. ఉత్తర చెన్నైలో చావిళ్ళ దగ్గర పాడుతూ పెరిగిన గానా పాటను ఆ బృందం ర్యాప్ పక్కన నిలబెట్టింది. 2019లో సంగీతకారుడు ఓఫ్రోతో కలిసి అరివు తెచ్చిన ఆల్బమ్ పేరు ‘తెరుక్కురల్’. వీధి గొంతు అని అర్థం. వినగానే తిరుక్కురళ్ గుర్తొస్తుంది. కులం గురించీ పౌరసత్వ చట్టం గురించీ ముఖం మీదే పాడాడు కాబట్టి, మెచ్చినవాళ్ళతో పాటు మండిపడ్డవాళ్ళూ ఉన్నారు.

“ఒకతూరి తాళం వేసుకుంటా విను మామా” అని మా అక్క కొడుకు తిరుత్తణి బస్సులో ఒక ఇయర్‌ఫోన్ నా చెవిలో పెట్టాడు. తొడ మీద వేళ్ళతో లెక్క వేశాను. నాలుగు దెబ్బలకు ఒక చుట్టు. ర్యాపర్లు దాన్ని బార్ అంటారు. మాట ప్రతిసారీ దెబ్బ మీదే పడదు. దెబ్బ పడ్డాక లిప్తపాటు ఆగి ఎత్తుకుంటుంది. మన సంగీతంలో అది అనాగతం. నాలుగక్షరాల నడకలో పోతున్న మాట మూడక్షరాల నడకలోకి మారి, మళ్ళీ తాళం మొదటికి తప్పకుండా చేరాలి. వాళ్ళు ఫ్లో అనే విద్య ఇదే.

ఇక ప్రాస. మన పద్యంలో రెండో అక్షరానికి పట్టే ప్రాసను తమిళులు ఎతుగై అంటారు. మన యతిలా మొదటి అక్షరాలను కలిపేది మోనై. ర్యాప్‌లో ఆ కలయిక పాదం చివరే కాదు, నడుమ కూడా రెండు మూడు చోట్ల మోగుతుంది. ఊపిరి ఎక్కడ తీయాలో రాసేటప్పుడే చూసుకోకపోతే మాట మధ్యలో తెగిపోతుంది. సీసపద్యాన్ని ఎత్తుగీతి దాకా లాక్కెళ్ళే నటుడికి ఆ కష్టం తెలుసు.

2021 మార్చిలో వచ్చిన ‘ఎంజాయ్ ఎంజామి’లో ఈ విద్యకు ఒక బతుకు తోడైంది. శ్రీలంక తేయాకు తోటల్లో కూలి చేసి తిరిగొచ్చిన తన అవ్వ వల్లియమ్మాళ్ కథను అరివు అందులో పెట్టాడు. గంతులు వేయించే పాట ఉన్నట్టుండి ఒప్పారిలోకి దిగుతుంది. చావింట ఆడవాళ్ళు రాగం తీసి ఏడ్చే ఏడుపు అది. దున్నినవాడికి భూమి మిగల్లేదన్న బాధను ఆ ఏడుపు మోస్తుంది. రాగం లేదని నేను తోసేసిన చోటే ఆ రాగం వినిపించింది.

ఆ పాట చుట్టూ తగువూ వచ్చింది. 2022 చెస్ ఒలింపియాడ్ వేడుకలో అరివు లేకుండానే దాన్ని పాడారు. రాసింది, బాణీ కట్టింది, పాడింది తానేనని అతడు చెప్పుకున్నాడు. అది అరివు, తాను, పాటలో గొంతు కలిపిన గాయని, ఈ ముగ్గురి కష్టమని, రాబడిలోనూ హక్కులోనూ ముగ్గురికీ సమాన వాటా ఉందని సంగీత దర్శకుడు సంతోష్ నారాయణన్ జవాబిచ్చాడు. తీర్పు చెప్పడం నా పని కాదు. కానీ తరతరాలుగా పాట కట్టినవాళ్ళ పేర్లు పోగొట్టుకున్న దేశంలో, ‘నా పేరు ఏది’ అని ఒకడు అడగడం న్యాయమే.

1973లో న్యూయార్క్ బ్రాంక్స్ పేటలో నల్లజాతి పిల్లల వేడుకల్లో మొదలైన విద్య ర్యాప్. 2018లో ర్యాపర్ కెండ్రిక్ లామార్ ఆల్బమ్‌కు పులిట్జర్ బహుమతి దక్కింది. ఇక మన సంగతికొస్తే, 1960 ఏప్రిల్ 1న సరిహద్దు మారి తిరుత్తణి, పళ్ళిపట్టు వైపు తెలుగువాళ్ళం ఆంధ్ర నుంచి మద్రాసు రాష్ట్రంలోకి వచ్చాం. దానితో ప్రాసనూ ఎతుగైనీ రెండింటినీ పట్టగల చెవి మనకు దక్కింది. ఆ చెవిని మూసుకోవద్దు. మీ ఇంట్లో పిల్లవాడు ర్యాప్ రాసుకుంటుంటే కసురుకోకండి. పక్కన కూర్చుని తాళం వేయండి, ప్రాస తప్పితే దిద్దండి.