శాలువా కింద ఎవరు?

నవలలు రాసుకునే మనిషికి వెబ్‌సైట్లతో పనేమిటని అడక్కండి. పని పడింది. మా అత్తగారికి హరికథంటే ప్రాణం. చూపు మందగించాక టీవీ మానేశారు గానీ, "ఎక్కడైనా కథ వుంటే చెప్పమ్మాయ్" అనడం మానలేదు. మా వూళ్ళో ఒక కళాకేంద్రం వుంది. లాభాపేక్ష లేని సంస్థ, పదిమంది చందాలతో నడుస్తోంది. ఈమధ్యే కొత్త వెబ్‌సైట్ పెట్టారు. అందులో "ఈ ఆదివారం సాయంత్రం 6 గంటలకు హరికథ" అని చూసి, ఆవిడకి పట్టుచీర కట్టి ఆటోలో తీసుకెళ్ళాను. గేటుకి తాళం! వాచ్‌మన్, పాపం, "అది పోయినేడు అయిపోయిందమ్మా" అన్నాడు. ఈ ఆదివారం అన్నారే గానీ తేదీ వెయ్యలేదు మహానుభావులు.

తిరుగుదారిలో అత్తగారు ఒక్కమాటా మాట్లాడలేదు. నేను మాత్రం ఇంటికొచ్చి ఆ వెబ్‌సైటుని, సమీక్షకొచ్చిన పుస్తకంలాగా, మొదటినుంచి చివరిదాకా చదివాను.

తెరవగానే వీణ మోగుతుంది. ఆపే మీట ఎక్కడుందో కనబడదు. తరవాత అధ్యక్షులవారి సందేశం, వేలితో ఎంత జరిపినా తరగదు. అందం లేదని అనను. లేత గులాబీ రంగు మీద బంగారు అక్షరాలు శుభలేఖలా ముచ్చటగానే వున్నాయి. చదవడానికే కుదరదు. మామూలు అక్షరానికీ వెనక రంగుకీ వెలుగులో కనీసం 4.5కి 1 తేడా వుండాలని వెబ్ ప్రమాణాలున్నాయిట, మా అమ్మాయి చెప్పింది. నాకా లెక్క తెలియదు, నా కళ్ళకి తెలుసు.

అసలు సంగతి ఫొటోల పేజీలో వుంది. సన్మానాలే సన్మానాలు! "గౌరవ అధ్యక్షులు శాలువా కప్పుతున్న దృశ్యం." కప్పించుకుంటున్నదెవరో? చేతిలో చిడతలతో ఒక పెద్దావిడ, మృదంగం పక్కన ఒకాయన... ఏ ఒక్కరికీ పేరు లేదు. నవల రాసి నాయిక పేరు మర్చిపోతే పాఠకులు నన్ను బతకనిస్తారా? రేపు ఆ పెద్దావిడ మనవరాలు, మా మామ్మ కథ చెప్పిన వేదిక ఇదేనా అని వెతికితే ఏం దొరుకుతుంది? 1885లో కీచకవధతో మొదలైన సురభి పేరు వినగానే మనకి గుర్తొచ్చేది వేషాలూ, మాయాబజారూ. కార్యవర్గం కాదు కదా!

ఇంకో విడ్డూరం. కార్యక్రమాల వివరాలు అక్షరాలుగా లేవు. అచ్చు వేయించిన కరపత్రాన్ని ఫొటో తీసి అతికించారు. తెలుగు లిపికి యూనికోడ్‌లో 1991లోనే చోటు దొరికింది. టైపు చేసి పెడితే వెతికినవాళ్ళకి దొరుకుతుంది, అక్షరం పెద్దది చేసుకోవచ్చు, చూపు లేనివాళ్ళకి ఫోనే చదివి వినిపిస్తుంది. అత్తగారి కోసం మా అమ్మాయి ఆ పేజీని ఫోన్‌చేత చదివించింది. అది "చిత్రం" అని వూరుకుంది.

"అంతేనా?" అన్నారావిడ.

చందా కట్టే మీట మాత్రం ప్రతి పేజీలోనూ భేషుగ్గా పనిచేస్తోంది. తప్పనను, హాలుకి కరెంటు బిల్లు ఎవరు కడతారు? కానీ చందా ఇవ్వబుద్ధయ్యేది ఒక మంచి కథ విని లేచినప్పుడు. వినాలంటే ఎప్పుడు రావాలో తెలియాలిగా!

వుండబట్టలేక కార్యదర్శిగారికి ఫోన్ చేశాను. మర్యాదస్తుడు, అన్నీ విన్నారు. "మీరన్నది నిజమే మేడమ్. కానీ సందేశం కిందికి దించితే అధ్యక్షులవారు వూరుకోరు" అన్నారు.

"పోనీ, వచ్చే హరికథ ఎప్పుడో చెప్పండి."

"వెబ్‌సైట్‌లో పెడతామండీ, చూస్తూ వుండండి."