బురద నాడి పట్టేవాళ్లు

అలాస్కాలో ఫెయిర్‌బ్యాంక్స్ దగ్గర వాల్ట్ అనే చిన్న సరస్సు ఉంది. వేల ఏళ్లుగా గడ్డకట్టి ఉన్న నేల కరిగి, కుంగి, ఆ గుంటలో నీళ్లు చేరి పుట్టిన సరస్సు. అలాంటి చోట్ల అడుగున సూక్ష్మజీవులు మామత్‌లు తిరిగిన కాలంనాటి గడ్డినీ వేళ్లనూ కుళ్లబెట్టి మీథేన్ వదులుతాయి. అది ఎంత పుట్టింది, ఎంత దారిలోనే ఖర్చయింది అన్నది తేల్చేవాళ్ల పనితనమంటే నాకు భలే ఇష్టం.

చలికాలం చివర్లో మంచుకు కన్నం తొలిచి, గొట్టాన్ని బురదలోకి దించుతారు. పైకి తీసిన క్షణం నుంచీ తొందరే. ఒత్తిడి తగ్గగానే గ్యాస్ బుడగలై పారిపోతుంది. మూతి కోసేసిన సిరంజిని గొట్టం పక్కనున్న రంధ్రంలో గుచ్చి, రెండు మూడు మిల్లీలీటర్ల బురద లాగి, చిక్కటి ఉప్పునీళ్లున్న గాజు సీసాలో వేసి, రబ్బరు బిరడా పెట్టి, అల్యూమినియం మూత బిగించేస్తారు. అదీ కొంకర్లు పోయిన వేళ్లతో! ఇక్కడ చెయ్యి తడబడితే ల్యాబులో ఎంత ఖరీదైన యంత్రమున్నా దండగే.

మిగతాది ఐసోటోపుల లెక్క. మీథేన్ తినే సూక్ష్మజీవులు తేలికైన కార్బన్-12 ఉన్న అణువులనే ముందు లాగిస్తాయి కాబట్టి, మిగిలిన గ్యాస్ బరువెక్కుతుంది. అయితే గ్యాస్ పుట్టిన తీరును బట్టి కూడా ఆ బరువు మారుతుంది. అందుకే, మీథేన్ తినేటప్పుడు ఆ జీవులు వాడుకోగల ఇనుము, సల్ఫేట్ బురదనీటిలో ఏ లోతులో మారాయో ఐసోటోపుల లెక్క పక్కన పెట్టి పోల్చి చూస్తారు. ఒక్కోసారి ఐసోటోపుల లెక్కా, బురదనీటి లెక్కా పొసగవు. అప్పుడు తేలలేదని నోట్‌బుక్కులో రాసి, పక్క లోతు సీసా అందుకుంటారు.