“పోలీస్ స్టోరీ”: నవ్వునకు వెల

హాస్యమును సాహసమును కలిపిన పోలీసు చిత్రములనగానే మన గృహములలోని పెద్దలు కొందఱు ముఖము చిట్లింతురు. కొట్లాటలును పగులగొట్టుటలును తప్ప వానిలో నేమున్నదని వారి ప్రశ్న. ఆ ప్రశ్న నిరాధారమని మేమనము. అయినను 1985లో హాంకాంగున వెలువడిన “పోలీస్ స్టోరీ”ని చూడకయే అట్టి తీర్పు చెప్పుట న్యాయము కాదు. జాకీ ఛాన్ ఆ చిత్రమునకు దర్శకుడు, నాయకుడు కూడ. 1986లో హాంకాంగు చలనచిత్ర పురస్కారములలో నది ఉత్తమ చిత్రముగా నెన్నబడినది.

కథ స్వల్పము. కాక్వీ యను పోలీసు ఉద్యోగి చూ తావో యను మాదకద్రవ్యముల వర్తకుని పట్టుకొనును. న్యాయస్థానమున అభియోగము వీగిపోవును. నేరస్థుడు బయటపడగా, పట్టుకొన్నవాని మీదనే హత్యానేరము మోపబడును. ఇట్టి కథలు వేయి కలవు. దీనికై ఎవరును ఈ చిత్రమును తలపోయరు.

తలపోయుట వేఱొక కారణమున. వీరనాయకు లనేకులు తెరపై పదిమందిని నేలగూల్చియు జుట్టు చెదరనీయరు. కాక్వీ యట్టివాడు కాడు. పరుగెత్తు రెండంతస్తుల బస్సునకు గొడుగు కొంకి తగిలించి వ్రేలాడునప్పు డాతని ముఖమున వీరత్వముకన్న భయమే యెక్కువగా కనబడును. దెబ్బ తగిలిన మూలుగును, పడిన తడుముకొనును. పల్లెటూరి ఠాణాకు బదిలీయైనపుడు పేడలో కాలు వేయును. దానిని తుడుచుకొను యత్నమే నృత్యమైపోవును. ఆ ఠాణాలోనే ఫోనులన్నియు నొక్కసారి మ్రోగగా, తీగెలలో చిక్కుకొని అందఱికిని సమాధానము చెప్పబోవు ఘట్టమొకటి కలదు. అందు దెబ్బలాట లేదు, శత్రువు లేడు. ఒక కుర్చీ, ఒక బల్ల, ఒక దీనుడైన ఉద్యోగి మాత్రమే. ప్రభుత్వాధికారమును ధరించినవాడు తన బల్లమీది తీగెలకే లోబడుట చూచి నవ్వని వారుందురా?

బస్టర్ కీటన్ మీద తనకుగల భక్తిని ఛాన్ దాచుకొనలేదు. కీటన్ 1922లో తీసిన “కాప్స్” అను మూగచిత్రమున ఒంటరియైన సామాన్యుని పోలీసుదళ మంతయు వెంటాడును. ఛాన్ ఆ సామాన్యునికే పోలీసు దుస్తులు తొడిగినాడు. ఈ మార్పు చిన్నది కాదు. లాఠీ చేతనున్నవాడు నగుబాటుపాలగుట చూచుటకు మనము అలవాటుపడలేదు. అట్లు చూచినపుడు లాఠీయందు మనకున్న వెఱపు కొంత సడలును. ఈ చిత్రపు హాస్యము నిర్మలముగా నుండుటకును కారణమిదియే. నవ్వునకు వెలను నాయకుడు తన దేహముతో చెల్లించుచున్నాడు.

అన్ని చోట్ల నట్లు చెల్లించుచున్నాడా? ఇక్కడనే మాకు చిక్కు వచ్చినది.

ఆరంభమున నేరస్థులును పోలీసులును కొండవాలున నున్న పేదల గుడిసెల నడుమగా కార్లు తోలుకొని దిగుదురు. గోడలు కూలును, కప్పులు లేచిపోవును, జనులు ప్రాణములు దక్కించుకొని పరుగిడుదురు. చిత్రీకరణ యద్భుతము, ఊపిరి బిగబట్టి చూచితిమి. కాని కూలిన గుడిసెలవా రేమైరి? కథ మరల ఆ వైపు తొంగి చూడదు. వారి కొంపలను గూర్చి పై యధికారులును అడుగరు, కాక్వీయు తలపడు.

స్త్రీల విషయమును ఇంచుమించుగా నట్లే. మ్యాగీ చ్యూంగ్ ధరించిన మే, నాయకుని ప్రియురాలు. అపార్థములకును అవమానములకును గుఱియగుటయే ఆమె పని. ఆమె కోపము న్యాయమైనదే. దానిని చిత్రము నవ్వులాటగా మార్చినది. బ్రిజిట్ లిన్ ధరించిన సెలీనా మాట వేఱు. ఆమె చూ తావో కార్యదర్శిని, సాక్ష్యము చెప్పవలసినది. తన రక్షణ లేనిదే ఆమె బ్రతుకదని నమ్మించుటకు కాక్వీ తన తోటి ఉద్యోగికే హంతకుని వేషము వేయించి ఆమెను బెదరించును. ఆ మోసము నామె గ్రహించును. తరువాత న్యాయస్థానమున సాక్ష్యపు టేపు వినిపింపగా అనుకొన్నది వినరాక, కాక్వీయే నగుబాటుపాలగును. ఇచ్చట చిత్రము తన నాయకుని క్షమింపలేదు. మే యెడలను ఇంతపాటి న్యాయము జరిగియుండిన ఎంత బాగుండెడిది!

చివరి పోరాట మొక పెద్ద విక్రయశాలలో జరుగును. పగిలిన అద్దముల లెక్క చూచి చిత్రబృందమువారు దీనికి “గ్లాస్ స్టోరీ” యని హాస్యముగా పేరిడిరట. విద్యుద్దీపములు చుట్టిన స్తంభమును పట్టుకొని ఛాన్ పై యంతస్తునుండి జాఱును. నిజముగనే ఆతని చేతులు కాలినవి. అంతవఱకు మాకు అభ్యంతరము లేదు. తరువాత చేజిక్కిన చూ తావోను, ఆతని న్యాయవాదిని కాక్వీ పిడికిళ్లతో కొట్టును. ప్రేక్షకులు చప్పట్లు కొట్టుదురు. కొట్టుటకు తగిన కారణమును కథ ముందే సమకూర్చియుంచినది. కాని ఇంతసేపు అధికారమును తేలికచేసి మనలను నవ్వించినవాడు ఇప్పుడు నిరాయుధులపై దానినే ప్రయోగించుచున్నాడు. ఆ క్షణమున నవ్వు ఆగిపోయినది, మాకు మాత్రమే కాదు, చిత్రమునకును.

ఆ వెంటనే, పేర్లు కనబడుచుండగా, చిత్రీకరణలో తగిలిన దెబ్బలను చూపుదురు. బస్సు ఘట్టమున అద్దములు పగులగొట్టుకొని క్రింద పడినవారు కారు మీద పడవలసియుండగా, బస్సు ముందుగా నాగినందున రాతిబాటపై పడిరని చెప్పుదురు. తెరమీద వారు పేరులేని దుండగులు. వారును కూలికి వచ్చినవారే. గుడిసెలవారికి లభింపని చోటు వీరికి ఈ కడపటి నిమిషములలో లభించినది. పాట సాగుచుండగా ఒకరి తరువాత నొకరు పడుటయు, తోటివారు పరుగెత్తి వచ్చి లేవదీయుటయు కనబడుచుండును.