ర్యాంకు కాలమ్‌కి వచ్చిన చిక్కు

శింగనమల మండలంలో ఏ ఊళ్లో అడిగినా పొదుపు సంఘాన్ని 'గ్రూపు' అనే అంటారు. ఆ లెక్కలకు డేటాబేస్ కట్టమంటే, అనంతపురంలో ఇంజనీరింగ్ చదివిన కుర్రాడు టేబుల్‌కి 'గ్రూప్స్' అని పేరు పెట్టేస్తాడు. కౌన్సెలింగ్ జాబితాలో 'ర్యాంక్' అనే కాలమ్ సరేసరి. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ 5.7 వెర్షన్ దాకా ఈ రెండు పేర్లూ నిక్షేపంగా నడిచాయి. 2018లో వచ్చిన 8.0 విండో ఫంక్షన్ల కోసం రెంటినీ రిజర్వ్‌డ్ పదాల్లో, అంటే భాష తనకే అట్టిపెట్టుకున్న మాటల్లో, కలిపేసుకుంది. డేటా అదే, క్వెరీ అదే. నిన్నటిదాకా నడిచింది కాస్తా సింటాక్స్ ఎర్రర్ అంటుంది.

ఈ డేటాబేసులతో మాట్లాడే భాష ఎస్‌క్యూఎల్ 1970లలో ఐబీఎంలో చాంబర్లిన్, బాయిస్‌ల చేతుల్లో పుట్టింది. తర్వాత ఒక్కో కంపెనీ దాన్ని ఒక్కో యాసలో మాట్లాడించింది.

రిజర్వ్‌డ్ పదాన్ని పేరుగా వాడక తప్పకపోతే గుర్తుల మధ్య పెట్టాలి. ప్రమాణం ప్రకారం అవి డబుల్ కోట్స్. పోస్ట్‌గ్రెస్, ఒరాకిల్ ఆ దారిలోనే ఉన్నాయి. మైఎస్‌క్యూఎల్‌కి బ్యాక్‌టిక్ కావాలి, ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో చదరపు బ్రాకెట్ల అలవాటు ఎక్కువ. ఇక్కడే అసలు ప్రమాదం. పోస్ట్‌గ్రెస్ కోసం "ర్యాంక్" అని డబుల్ కోట్స్‌లో రాసిన క్వెరీని మైఎస్‌క్యూఎల్‌లో మామూలు సెట్టింగ్‌తో నడిపితే, అది దాన్ని కాలమ్ అనుకోదు, ఉత్త అక్షరాలనుకుంటుంది. ప్రతి విద్యార్థి పేరు పక్కనా అంకె రాదు, 'ర్యాంక్' అన్న మాటే వస్తుంది. ఎర్రర్ ఉండదు. పోస్ట్‌గ్రెస్ కూడా ఇలా ఏమార్చగలదు. కోట్స్ లేకుండా 'యూజర్' టేబుల్‌ని అడిగితే, లాగిన్ అయినవారి పేరు ఒక్క వరుసలో ఇచ్చి ఊరుకుంటుంది.

అయినా భాష మాటలకీ మనం పెట్టే పేర్లకీ తగువు రాకుండా చూడడంలో పోస్ట్‌గ్రెస్ వాళ్ల నేర్పుకి చేతులెత్తి మొక్కాలి! కీవర్డ్‌లన్నింటినీ ఒకే గాటన కట్టకుండా నాలుగు తరగతులు చేశారు. 'ర్యాంక్'నైతే అసలు కీవర్డ్‌గానే తీసుకోలేదు. అందుకే అది అక్కడ ఫంక్షన్ పేరైనా, కాలమ్ పేరుగా కూడా హాయిగా ఉంటుంది. వాళ్ల కోట్‌_ఐడెంట్ ఫంక్షన్ అవసరమైన పేరుకే కోట్స్ తొడుగుతుంది, మిగతావాటి జోలికి పోదు. సీ++ 20 పెద్దలదీ ఇలాంటి జాగ్రత్తే. కోరొటీన్లు అనే సదుపాయం కోసం తెచ్చిన కొత్త కీవర్డ్‌ల ముందు 'కో_' తగిలించారు. చూపుకి అందం లేకపోయినా, పాత ప్రోగ్రాముల్లో 'యీల్డ్' అని పేరు పెట్టుకున్నవాళ్ల జోలికి పోలేదు. అదీ పనితనం.

మరి ఇప్పుడు జరుగుతున్నదేమిటి? ప్రతి పేరుకీ గుడ్డిగా కోట్స్ తగిలించే టూల్స్, సింటాక్స్ బట్టీ పట్టించి పంపేసే నెల రోజుల కోర్సులు! ఒరాకిల్‌లో కోట్స్ లేని పేరు పెద్ద అక్షరాల్లోకి మారుతుంది, పోస్ట్‌గ్రెస్‌లో చిన్న అక్షరాల్లోకి. ఒకసారి కోట్స్‌లో చిన్నాపెద్దా కలిపి పేరు పెడితే, ఆ టేబుల్ జోలికొచ్చిన ప్రతివాడూ జీవితాంతం ఆ కోట్స్ మోయాల్సిందే. దీన్ని జాగ్రత్త అని నేర్పించడం అన్యాయం.

పిల్లలకు పాఠం చెప్పే అయ్యవార్లకు ఒక్క మనవి. మొదటి టేబుల్ కట్టించే రోజే 'ర్యాంక్' బదులు 'సెట్_ర్యాంక్' అనీ, 'గ్రూప్స్' బదులు 'పొదుపు_సంఘం' అనీ పేరు పెట్టించండి. ఈ పేర్లకు పైన చెప్పిన నాలుగు డేటాబేసుల్లో ఎక్కడా కోట్స్ అక్కర్లేదు.