ఓపీలో నేర్చే ఓపిక

మూడు నెలలు దాటినా తగ్గనిది దీర్ఘకాలిక నొప్పి. జబ్బును శరీరం, మనసు, సమాజం మూడింటితో కలిపి చూడాలని వైద్యుడు జార్జ్ ఎంగెల్ 1977లోనే వాదించాడు. పాఠంగా ఇది ఒక్క పీరియడ్‌లో అయిపోతుంది. ఒంటబట్టేది మాత్రం ఫిజియోథెరపీ విద్యార్థి ఆసుపత్రి ఓపీలో రోగి ఎదుట కూర్చున్నప్పుడే. నడుము నొప్పితో వచ్చిన నాట్ల కూలీకి వంగొద్దని చెప్పడం తేలిక. వంగకపోతే కూలి రాదు. ప్రమాద సూచనలేవీ లేవని ముందు తేల్చుకుని (అది తప్పనిసరి), నిద్ర, అప్పు, భయం అన్నీ అడిగి, ఆమెకు కుదిరే వ్యాయామం వెతకాలి. ఆ అడగడమూ చేతిపనే. సీనియర్ పక్కన నిలబడి చూస్తేనే పట్టుబడుతుంది.

మాటలెందుకు, ఎమ్మారై చాలదా అనేవారున్నారు. 2015లో వెలువడిన ఒక సమీక్ష ప్రకారం, నడుము నొప్పి లేనివారిలోనే 20 ఏళ్ల వయసులో 37 శాతం మందికి, 80 ఏళ్లకు 96 శాతం మందికి స్కానులో డిస్కు అరుగుదల కనబడుతుంది. కనబడిందల్లా నొప్పికి కారణం కాదన్నమాట. రద్దీ ఓపీలో విద్యార్థులు కరెంటు మెషీన్ పెట్టి తీసే పనికే పరిమితమవుతారన్న ఫిర్యాదు మాత్రం కొట్టిపారేయలేనిది. అయినా మెషీన్ నడిచే ఆ కాసేపూ రోగి ఖాళీగానే ఉంటుంది. మాట కలపడానికి అంతకన్నా మంచి అదను లేదు. మూడోసారి వచ్చినప్పుడు ఆమె ఏది చేసిందో, ఏది మానేసిందో, ఎందుకు మానేసిందో విని వ్యాయామం మార్చే అవకాశం కాలేజీ ల్యాబులో దొరకదు.