స్కీమాలో చెయ్యి పెట్టేముందు

డైరెక్టరీ సర్వర్‌లో ఒక ఉద్యోగి ఎంట్రీ తెరిస్తే పేరు, ఊరు, ఫోన్ నంబరు కనిపిస్తాయి. ఇవి అట్రిబ్యూట్లు. ఒక్కోదానిలో ఏ రకం విలువ పట్టాలి, ఒకటే ఉండాలా ఎన్నైనా ఉండొచ్చా, వెతికేటప్పుడు ఎలా పోల్చాలి అన్నవి స్కీమాలోని నిర్వచనం తేలుస్తుంది. విలువలు రోజూ మారుతుంటాయి. నిర్వచనాన్ని మాత్రం ఊరికే కదపకూడదు.

మెదక్ జిల్లాలోని కౌడిపల్లి చిరునామానే చూడండి. 2014 జూన్ 2న దాని రాష్ట్రం తెలంగాణ అయింది. 2016 అక్టోబర్ 11న పాత మెదక్ జిల్లా మూడైంది. కౌడిపల్లి మెదక్‌లోనే ఉన్నా, జిల్లా కేంద్రం సంగారెడ్డి నుంచి మెదక్‌కు వచ్చింది. రికార్డుల్లో ఇవన్నీ విలువల మార్పులే. అసలు చిక్కేమిటంటే, డైరెక్టరీ సర్వర్లు వాడే ఎల్‌డ్యాప్ ప్రోటోకాల్ ప్రామాణిక స్కీమాలో ఊరికీ రాష్ట్రానికీ అట్రిబ్యూట్లున్నాయి గానీ మండలానికీ జిల్లాకూ విడిగా లేవు. అలాగని ప్రామాణిక నిర్వచనాన్నే సవరించడం పెద్ద పొరపాటు. ప్రతి నిర్వచనానికీ ఓఐడీ అనే సంఖ్య ఉంటుంది. ఆ సంఖ్యకు ప్రపంచమంతటా ఒకే అర్థం. ఇలాంటి నంబర్లు కేటాయించే ఐయానా దగ్గర సంస్థ పేరిట నంబరు ఉచితంగా తీసుకుని, దాని కింద సొంత అట్రిబ్యూట్లు చేర్చుకోవడమే సరైన దారి.

సొంతవాటిలోనూ అన్ని మార్పులూ ఒకటి కావు. మండలం పేరును ఐఏ5 స్ట్రింగ్‌గా నిర్వచిస్తే అందులో తెలుగు అక్షరం పట్టదు. డైరెక్టరీ స్ట్రింగ్‌గా మారిస్తే యూటీఎఫ్-8లో ‘కౌడిపల్లి’ అని రాసుకోవచ్చు, పాత విలువలూ చెల్లుతాయి. పోల్చే నియమం కూడా మారుతుంది కాబట్టి ఇండెక్స్ మళ్లీ కట్టాలి. ఇది విస్తరించే మార్పు, భయపడనక్కర్లేదు.

బిగించే మార్పుతోనే ప్రమాదం. ఊరి పేరును రెండు రోమన్ స్పెల్లింగుల్లో దాచుకున్న ఎంట్రీలుండగా ఆ అట్రిబ్యూట్‌ను ‘సింగిల్ వాల్యూ’ చేశారనుకుందాం. ఓపెన్‌ఎల్‌డ్యాప్ లాంటి సర్వర్ ప్రతి మార్పుకూ ఎంట్రీ మొత్తాన్ని స్కీమాతో సరిచూస్తుంది. కొన్ని నెలల తర్వాత ఎవరో ఫోన్ నంబరు మార్చబోతే ‘కన్‌స్ట్రెయింట్ వయొలేషన్’ అంటుంది. ఫోన్ నంబరులో తప్పేముందో వాళ్లకు అంతుపట్టదు. అందుకే ముందు వెతికి, రెండు విలువలున్న ఎంట్రీలను సరిచేశాకే నిర్వచనం బిగించాలి.

అర్థమే మారుతున్నప్పుడు పాత పేరును సాగదీయడం కన్నా కొత్త ఓఐడీతో కొత్త అట్రిబ్యూట్ మేలు. విలువలను అందులోకి నకలు చేసి, అప్లికేషన్లన్నీ కొత్తదానికి మళ్లాక, పాతదాన్ని ‘అబ్సలీట్’గా గుర్తించాలి. యాక్టివ్ డైరెక్టరీలో అయితే స్కీమాలో చేర్చినదాన్ని తొలగించే వీలే లేదు. నిష్క్రియం చేయడం వరకే.