ముసలమ్మ మంచానికి నాలుగో కోడు

మొన్న ఏప్రిల్‌లో ఉట్నూరు వైపు నుంచి పిల్లల్ని హైదరాబాద్ తీసుకెళ్లాం. పగలు నౌబత్ పహాడ్ మీది బిర్లా ప్లానెటోరియం చూపించాం. రాత్రి బస చాదర్‌ఘాట్‌లో. మూసీ వంతెన మీద నిలబడి ఆరో తరగతి అమ్మాయి ఒకతె ఉత్తరం వైపు వెతికింది. దీపాల వెలుగులో రెండు మూడు చుక్కలే కనపడ్డాయి.

"సార్, మన మంచమేది? పుస్తకంలో సప్తర్షులని ఉంది, తాత మంచమంటడు. ఏది నిజం?"

మన గోండు పెద్దల లెక్కలో నాలుగు చుక్కలు ముసలమ్మ మంచం కోళ్లు, వెనక మూడు చుక్కలు దాన్ని ఎత్తుకుపోజూసే దొంగలు. విదర్భ గోండు గూడేల్లో ఇలాంటి కథల్ని మయాంక్ వాహియా, గణేశ్ హల్కరే సేకరించి 2013లో వ్యాసంగా అచ్చువేశారు. మృగశిర వైపు చుక్కలు మనవాళ్లకు నాగలి అనీ రాశారు. మర్యాదగా చేసిన పని అది.

చిక్కు చదివిన మనతోనే. "మన పూర్వీకులకు సైన్సంతా ముందే తెలుసు" అని సభల్లో మనవాళ్లూ అనడం మొదలుపెట్టారు. పురాణాల్లో విమానాలు వెతికేవారిని చూసి నవ్వే మనం అదే దారి పడితే ఎట్లా?

మంచం కోళ్లలో మూడు, దొంగల్లో ఇద్దరు సుమారు 80 కాంతి సంవత్సరాల దూరంలో ఒకే దిక్కుకు కలిసి కదులుతున్నారు. అంటే దొంగలూ కోళ్లూ ఒక ఇంటివాళ్లే! నాలుగో కోడు 120 కాంతి సంవత్సరాలకు పైనే, చివరి దొంగ 100కు పైనే. ఇది కంటితో తెలిసేది కాదు. తాతకు తెలియదు, ఋషుల పేర్లు పెట్టినవారికీ తెలియదు. అందులో చిన్నతనమేమీ లేదు. మంచం ఏ జాముకు ఎటు తిరుగుతుందో జొన్నచేను కావలి కాసిన తాతకు తెలుసు. ఆ తెలివిని మూఢనమ్మకమని తరగతిలో కొట్టేస్తే పిల్ల రేపటి నుంచి తాత మాట ఎత్తదు.

అయితే మంచం ఎందుకు తిరుగుతుందంటే కథ దొంగలని చెప్పి ఊరుకుంటుంది. 499లో ఆర్యభటుడు తిరిగేది భూమి అన్నాడు. పడవలో పోయేవాడికి ఒడ్డు కదిలినట్టుంటుందన్నాడు. బ్రహ్మగుప్తుడంతటివాడు కాదని వాదించాడు. శాస్త్రంలో అట్లా అడ్డుపడవచ్చు, లెక్కతో తేల్చుకోవచ్చు. కథతో ఎవరూ వాదించరు, దాని పని వేరు.

ఊరికి తిరిగొచ్చాక బడి మైదానంలో ఆ అమ్మాయికి నాలుగో కోడు చూపించి, అది మిగతావాటికంటే ఎంత దూరమో చెప్పాం. చాలాసేపు చూసింది.

"మరి ముసలమ్మ పడిపోదా సార్?"